విజయవాడ, గుంటూరు విద్యార్థులు సైకాలజీ, క్రిమినాలజీ కలిపి చదవడం ఎలా? సమగ్ర మార్గదర్శి

విజయవాడ, గుంటూరు పరిసరాల్లో ఇంటర్మీడియట్ పూర్తి చేసిన విద్యార్థికి ఇంజినీరింగు గురించో, నీట్ గురించో చెప్పేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. మనిషి నేరం వైపు ఎందుకు వెళ్తాడు, వెళ్లినవాణ్ని సమాజం ఏం చేయాలి అన్న ప్రశ్నలను పట్టుకుని విశ్వవిద్యాలయంలో చదవాలనుకునే విద్యార్థికి మాత్రం దారి చెప్పేవాళ్లు తక్కువ. సైకాలజీ తీసుకోవాలా, క్రిమినాలజీ తీసుకోవాలా, రెండూ కలిపి చదివే వీలుందా, చదివితే ఏ ఉద్యోగం వస్తుంది అన్నవి ఆ విద్యార్థికీ, ఇంట్లో తల్లిదండ్రులకూ సహజంగా వచ్చే సందేహాలు. వాటికి వరుసగా, చేయవలసిన పనుల రూపంలో జవాబు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

నా అభిప్రాయాన్ని ముందే స్పష్టంగా చెబుతాను. డిగ్రీ స్థాయిలో సైకాలజీని ప్రధాన సబ్జెక్టుగా పెట్టుకుని, క్రిమినాలజీని మొదటి సంవత్సరం నుంచే దానికి జోడించి చదువుకుంటూ పోయి, పీజీ స్థాయిలో రెండింటిలో ఏది ముందుకు రావాలో నిర్ణయించుకోవడం మన ప్రాంతపు విద్యార్థికి అన్నివిధాలా మేలు. మనస్తత్వ నిపుణులుగా పనిచేయడానికి చట్టం సైకాలజీ డిగ్రీనే అడుగుతుంది. క్రిమినాలజీలో చేసిన పీజీ ఆ డిగ్రీకి విలువ పెంచుతుందే తప్ప దాని స్థానాన్ని భర్తీ చేయదు.

మొదటి మెట్టు: రెండు శాస్త్రాలూ ఏం అడుగుతాయో తెలుసుకోవడం

విజయవాడ బస్టాండు దగ్గర నిలిపి ఉంచిన మోటారు సైకిలును పదిహేడేళ్ల కుర్రవాడు ఎత్తుకుపోయి పోలీసులకు దొరికాడనుకుందాం. సైకాలజీ విద్యార్థి ఆ కుర్రవాడి వైపు చూస్తాడు. చదువు ఎప్పుడు మానేశాడు, ఇంట్లో పరిస్థితి ఏమిటి, ఆ క్షణంలో పక్కనున్న స్నేహితుల ఒత్తిడి ఎంత, తొందరపాటును అదుపు చేసుకునే శక్తి ఆ వయసుకు ఎంతవరకు వచ్చి ఉంటుంది అని అడుగుతాడు. క్రిమినాలజీ విద్యార్థి అక్కడి నుంచి కొంచెం వెనక్కి జరిగి మొత్తం దృశ్యాన్ని చూస్తాడు. దొంగతనాలు ఆ చోటే ఎందుకు జరుగుతున్నాయి, అక్కడ కాపలా ఉందా, ఇలా దొరికినవారిలో ఎందరిపై కేసు నమోదవుతుంది, ఎందరిని మందలించి వదిలేస్తారు, కేసు నమోదైన తరువాత ఆ కుర్రవాడి జీవితం బాగుపడుతుందా, ఇంకా చెడుతుందా అని అడుగుతాడు.

ఈ రెండో రకం ప్రశ్నలకు పునాది వేసిన సిద్ధాంతాల్లో ఒకటి 1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ ప్రతిపాదించిన దైనందిన కార్యకలాపాల సిద్ధాంతం. నేరం చేయాలనుకునేవాడు, చేతికందే వస్తువు, కాపలా లేకపోవడం అనే మూడూ ఒకే చోట, ఒకే సమయంలో కలిస్తే నేరం జరుగుతుందని అది చెబుతుంది. మొదటి రకం ప్రశ్నలకు టెర్రీ మోఫిట్ 1993లో చేసిన విభజన ఎంతో ఉపయోగపడుతుంది. కౌమారంలో మాత్రమే తప్పుదారి పట్టి, వయసు వచ్చాక సర్దుకునేవారు చాలామంది ఉంటారనీ, చిన్నతనం నుంచి మొదలై జీవితమంతా అదే దారిలో సాగేవారు కొద్దిమందే ఉంటారనీ ఆమె వాదన. పై ఉదాహరణలోని కుర్రవాడు ఏ కోవకు చెందుతాడో ఒక్క దొంగతనాన్ని చూసి తేల్చలేము. ఆ సంయమనం నేర్చుకోవడం కోసమే రెండు శాస్త్రాలూ కలిపి చదవాలని నేను నొక్కి చెబుతున్నాను. సైకాలజీ మాత్రమే చదివినవారికి ప్రతి నేరమూ ఒక మనిషి లోపంగా కనిపించే ప్రమాదం ఉంది. క్రిమినాలజీ మాత్రమే చదివినవారికి ఆ మనిషి గణాంకాల పట్టికలో ఒక అంకెగా మిగిలిపోయే ప్రమాదమూ అంతే ఉంది.

రెండో మెట్టు: ఏ పని కోసం చదువుతున్నారో తేల్చుకోవడం

సినిమాల్లో, ఓటీటీ సిరీస్‌లలో కనిపించే ప్రొఫైలర్ (ఆధారాలను బట్టి నేరస్థుడి మనస్తత్వాన్ని ఊహించే నిపుణుడు) ఉద్యోగం మన పోలీసు శాఖల్లో ఆ రూపంలో దాదాపుగా లేదని ముందే తెలుసుకోవడం మంచిది. ఉన్న దారులు వేరు. క్లినికల్ సైకాలజిస్టుగా ఆసుపత్రుల్లో, జైళ్లలో, కోర్టు అడిగిన మదింపుల్లో పనిచేయవచ్చు. బాలల సంరక్షణ వ్యవస్థలో కౌన్సెలర్‌గానో, ప్రొబేషన్ అధికారిగానో చేరవచ్చు. ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో మనస్తత్వ విభాగం ఉన్నచోట అవకాశం వెతుక్కోవచ్చు. సఖి కేంద్రాల వంటి చోట్ల బాధిత మహిళలకు అండగా నిలిచే పని ఉంది. డిగ్రీ తరువాత లా చదివి న్యాయవాద వృత్తిలోకీ, పోటీ పరీక్షల ద్వారా పోలీసు, జైళ్ల శాఖల్లోకీ వెళ్లేవారున్నారు. సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో సైకాలజీ ఐచ్ఛికాంశంగా ఉంది, క్రిమినాలజీ లేదు. బోధన, పరిశోధన వైపు వెళ్లాలంటే రాయవలసిన అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో రెండూ వేర్వేరు సబ్జెక్టులుగా ఉన్నాయి.

వీటిలో క్లినికల్ సైకాలజిస్టు కావాలనుకునేవారు ఒక్క సంగతి మొదటి రోజు నుంచే గుర్తుంచుకోవాలి. 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చదివి అక్కడ పేరు నమోదు చేయించుకున్నవారే ఆ హోదాతో ప్రాక్టీసు చేయాలి. ఇన్నాళ్లూ ఆ దారి రెండేళ్ల ఎం.ఫిల్ మీదుగా సాగింది. కొత్త జాతీయ విద్యావిధానం ఎం.ఫిల్‌ను తొలగించడంతో ఇప్పుడు ఆ వ్యవస్థ మార్పు దశలో ఉంది. కాబట్టి మీరు చేరబోయే సంస్థ, చేరబోయే కోర్సు ఆ ఏడాది ఆర్‌సీఐ జాబితాలో ఉన్నాయో లేదో మండలి వెబ్‌సైటులో మీ కళ్లతో చూసుకున్న తరువాతే ఫీజు కట్టాలి. కళాశాల ప్రకటనలో ‘ఫోరెన్సిక్’, ‘క్లినికల్’ అన్న మాటలు ఉన్నంత మాత్రాన ఆ గుర్తింపు ఉన్నట్టు కాదు.

మూడో మెట్టు: డిగ్రీ సీటు

డిగ్రీలో సైకాలజీ చదవడానికి ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నా సాధారణంగా ఇబ్బంది ఉండదు. మెదడు, నాడీవ్యవస్థ పాఠాలు బైపీసీ వారికి తేలికగా ఉంటాయి. గణాంకశాస్త్రం ఎంపీసీ, ఎంఈసీ వారిని భయపెట్టదు. సమాజం, చట్టం, పరిపాలన పాఠాల్లో హెచ్‌ఈసీ, సీఈసీ వారు ముందుంటారు. కొన్ని సంస్థలు బీఎస్సీ సైకాలజీకి సైన్సు గ్రూపు అడగవచ్చు కనుక అర్హతలు ముందే చూసుకోవాలి.

మన రాష్ట్రంలో డిగ్రీ కళాశాలల ప్రవేశాలు ఉన్నత విద్యామండలి నడిపే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా జరుగుతాయి. విజయవాడ కళాశాలలు కృష్ణా విశ్వవిద్యాలయం పరిధిలోకీ, గుంటూరు కళాశాలలు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలోకీ వస్తాయి. రెండు ఊళ్ల మధ్య అమరావతి ప్రాంతంలో వెలిసిన ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ప్రవేశాలు వేరుగా జరుగుతాయి. వాటిలో నీరుకొండలోని ఎస్‌ఆర్‌ఎం విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగం ఉంది. రాష్ట్రం లోపలే ఊరు దాటి వెళ్లగలిగినవారికి విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం సైకాలజీకి పాత కేంద్రాలు. 2023-24 నుంచి మన డిగ్రీలో ఒక ప్రధాన సబ్జెక్టు, దానికి తోడు ఒక మైనర్ అనే పద్ధతి ప్రవేశించింది. ఇలాంటి నిబంధనలు తరచూ సవరణకు లోనవుతాయి కనుక మీరు చేరే సంవత్సరపు నోటిఫికేషన్‌నే ప్రమాణంగా తీసుకోండి. వీలున్నచోట సైకాలజీకి తోడుగా సోషియాలజీ గాని, సోషల్ వర్క్ గాని, గణాంకశాస్త్రం గాని తీసుకుంటే క్రిమినాలజీకి అవసరమైన నేల సిద్ధమవుతుంది.

దూరవిద్య గురించి ప్రత్యేకంగా హెచ్చరించవలసి ఉంది. అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం, 2021 పరిధిలోకి వచ్చే కోర్సులను 2025 జూలై-ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపరాదని యూజీసీ ఆదేశించింది. వాటిలో సైకాలజీ కూడా ఉంది. కాబట్టి ‘ఇంట్లో కూర్చుని సైకాలజీ డిగ్రీ’ అని ఎవరైనా చెబితే ఆగి విచారించండి. మరోవైపు, 2022 ఏప్రిల్‌లో యూజీసీ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒకే సమయంలో రెండు కోర్సులు చదువుకునే వీలుంది. అందువల్ల సైకాలజీని తరగతి గదిలో చదువుతూ, నేరన్యాయ వ్యవస్థకు సంబంధించిన కోర్సును దూరవిద్యలో చేసే ఏర్పాటును ఆలోచించవచ్చు. ఇగ్నోకు విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది కనుక ఆ ఏడాది ఏ కోర్సులు నడుస్తున్నాయో నేరుగా వెళ్లి కనుక్కోవడం కష్టం కాదు. అయితే మొదటి ఏడాదిలోనే ఈ రెండో బరువు ఎత్తుకోవద్దని నా సలహా.

కళాశాలను చూడడానికి వెళ్లినప్పుడు భవనాలను చూసి తిరిగి రావద్దు. సైకాలజీ ప్రయోగశాల తలుపు తీయించండి. అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పరికరం, ముల్లర్-లయర్ భ్రమను కొలిచే పలక, స్టాప్‌వాచీలు, బుద్ధి పరీక్షల కిట్లు ఉన్నాయా, వాటిని విద్యార్థులు నిజంగా వాడుతున్నారా అన్నది అక్కడున్న ప్రాక్టికల్ రికార్డులు తిరగేస్తే తెలిసిపోతుంది. ముల్లర్-లయర్ పలక చూడ్డానికి చిన్న పరికరమే. ఒక గీతకు బాణపు కొనలు లోపలికీ, మరొక గీతకు బయటికీ ఉంటాయి. రెండూ సమానమయ్యేలా జరపమంటే దాదాపు ప్రతివారూ కొన్ని మిల్లీమీటర్లు తప్పుతారు, అది భ్రమ అని ముందే చెప్పినా తప్పుతారు. కంటితో చూశాను అని కోర్టులో ప్రమాణం చేసే సాక్షి మాటను ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్నకు తొలి పాఠం ఆ పలక దగ్గరే మొదలవుతుంది. గణాంకశాస్త్రం చెప్పే అధ్యాపకులు విభాగంలో ఉన్నారా, చివరి సంవత్సరంలో ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయిస్తున్నారు అన్నవి అడగవలసిన మరో రెండు ప్రశ్నలు.

నాలుగో మెట్టు: సైకాలజీలో ఎక్కడ గట్టిగా నిలబడాలి

సిలబస్‌లోని పేపర్లన్నీ ఒకే బరువు గలవి కావు. నేరాల వైపు వెళ్లదలచినవారికి జ్ఞాపకశక్తి, వికాస మనోవిజ్ఞానం, సాంఘిక మనోవిజ్ఞానం, అసామాన్య మనోవిజ్ఞానం, పరిశోధన పద్ధతులు, గణాంకశాస్త్రం ప్రాణాధారాలు. చాలామంది అసామాన్య మనోవిజ్ఞానం మీద ఆసక్తితో చేరి గణాంకాల దగ్గర నీరసపడిపోతారు. నా దృష్టిలో ఈ ఆరింటిలో మొదట పట్టు సాధించవలసినది గణాంకశాస్త్రమే. ఎందుకంటే మానసిక వ్యాధి ఉన్నవారంతా ప్రమాదకరులు అన్నట్టి అపోహలను ఖండించడానికైనా, ఒక మదింపు పరీక్ష ఎంత నమ్మదగినదో చెప్పడానికైనా అంకెలు చదవడం రావాలి.

జ్ఞాపకశక్తి పాఠాన్ని ఉదాహరణగా తీసుకుని, ఒక అధ్యాయాన్ని రెండు శాస్త్రాల కోసం ఎలా చదవాలో చూపిస్తాను. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదాల దృశ్యాలు చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని విద్యార్థులను అడిగారు. ప్రశ్నలోని క్రియాపదం ఒక్కటే మార్చారు. గట్టిగా గుద్దుకుని నుజ్జయ్యాయన్న అర్థం వచ్చే మాటతో అడిగినప్పుడు సగటు జవాబు గంటకు 40 మైళ్లకు పైగా, తాకాయన్న మాటతో అడిగినప్పుడు 31.8 మైళ్లు. మరో ప్రయోగంలో వారం తరువాత పిలిచి పగిలిన గాజు కనిపించిందా అని అడిగితే, దృశ్యంలో గాజు ముక్కలే లేకపోయినా, తీవ్రమైన మాటతో ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది కనిపించిందన్నారు. మామూలు మాటతో విన్న 50 మందిలో ఆ సంఖ్య 7.

దీన్ని పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేయకుండా తరగతిలో తెలుగులో చేసి చూడండి. రెండు బైకులు ఢీకొన్న చిన్న వీడియో ఒకటి చూపించి, సగం మందిని ‘బైకులు గుద్దుకున్నప్పుడు వేగం ఎంత’ అనీ, మిగతా సగాన్ని ‘బైకులు తగిలినప్పుడు వేగం ఎంత’ అనీ రాతపూర్వకంగా అడగండి. ఎవరికి ఏ ప్రశ్న వస్తుందో చీటీలు తీసి నిర్ణయించాలి. సగటు, ప్రామాణిక విచలనం లెక్కగట్టి, రెండు గుంపుల తేడా యాదృచ్ఛికమా కాదా అని టీ-పరీక్షతో చూడాలి. తేడా వచ్చినా, రాకపోయినా ఫలితాన్ని ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఆ తరువాత లైంగిక నేరాల నుంచి బాలలను రక్షించే పోక్సో చట్టం, 2012లోని 24వ సెక్షన్ తెరవండి. బాలల వాంగ్మూలాన్ని వారి ఇంట్లో గాని, వారికి అనువైన చోట గాని, సాధ్యమైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా నమోదు చేయాలని అందులో ఉంది. ప్రశ్న అడిగే తీరు, అడిగేవారి వేషం, అడిగే చోటు జ్ఞాపకాన్ని ఎలా ప్రభావితం చేస్తాయో మీరు ప్రయోగంలో చూశారు కనుక, ఆ సెక్షన్ ఎందుకు అలా రాశారో మీకు వేరేగా ఎవరూ చెప్పనక్కరలేదు.

ప్రసిద్ధ ప్రయోగాలను చదివేటప్పుడు వాటిపై వచ్చిన విమర్శనూ చదవాలి. 1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగాన్ని ఇప్పటికీ కొందరు తిరుగులేని సత్యంగా చెబుతారు. కొందరు యువకులు ఖైదీలుగా, కొందరు కాపలాదారులుగా నటించిన ఆ ప్రయోగంలో కాపలాదారుల పాత్ర వేసినవారికి ఎలా ప్రవర్తించాలో నిర్వాహకులే సూచనలు ఇచ్చారన్న ఆధారాలు తరువాత బయటపడ్డాయి.

ఐదో మెట్టు: క్రిమినాలజీని చరిత్ర నుంచీ, చట్టం నుంచీ, అంకెల నుంచీ చదవడం

క్రిమినాలజీ పాఠ్యపుస్తకం సాధారణంగా 1764లో ఇటలీకి చెందిన బెకారియా రాసిన శిక్షల విమర్శతో మొదలై, 1876లో ఆ దేశపు వైద్యుడే అయిన లోంబ్రోసో ప్రకటించిన ‘పుట్టు నేరస్థుడు’ అన్న భావనకు వస్తుంది. నుదురు, దవడ, చెవుల తీరును బట్టి నేరస్థుణ్ని గుర్తించవచ్చని ఆయన అనుకున్నాడు. 1913లో చార్లెస్ గోరింగ్ దాదాపు 3 వేలమంది ఇంగ్లీషు ఖైదీలను కొలిచి, అటువంటి శరీర లక్షణాల వర్గం ఏదీ లేదని తేల్చాడు. ఇది ఇటలీ, ఇంగ్లండుల చరిత్ర అని మన విద్యార్థులు పేజీ తిప్పేస్తుంటారు. తిప్పవద్దు. పుట్టుకతో నేరస్థులు అన్న భావన చట్టమై మన గుంటూరు సీమలోనే ఊళ్లు కట్టింది.

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 నాటి సవరించిన చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. ఒక కులంలో పుట్టినందుకే మనిషిని పోలీసు రిజిస్టరులో రాసి, ఊరు దాటాలంటే అనుమతి అడిగే స్థితికి తెచ్చిన చట్టమది. ఆ దశకంలోనే బాపట్ల, చీరాల మధ్య ఎరుకలవారి కోసం సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. దానికి ఆ పేరు మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్ట్ మీదుగా వచ్చింది. 1952లో చట్టం రద్దయింది. ఊరి పేరుకు అంటిన ముద్ర మాత్రం ఆ తరువాత తరాలను కూడా వెంటాడింది. విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, ఆయన భార్య హేమలతా లవణం ఆ ఊళ్లో సంస్కరణ కార్యక్రమాన్ని చేపట్టారు. హేమలత మహాకవి గుర్రం జాషువా కుమార్తె. కుల వివక్షను కవిత్వంలో నిలదీసిన తండ్రికి పుట్టిన ఆమె, పుట్టుక మీద నేరముద్ర పడిన కుటుంబాల మధ్యకు వెళ్లి పనిచేసింది. సమాజం ఎవరికైనా నేరస్థుడని పేరు పెడితే ఆ పేరే అతని భవిష్యత్తును మలుస్తుందన్న లేబులింగ్ సిద్ధాంతాన్ని చదివే గుంటూరు విద్యార్థికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ ఎక్కడా దొరకదు. ఈ చరిత్ర తెలియకుండా నేరశాస్త్రంలో పట్టా పుచ్చుకోవడం సబబు కాదని నేను గట్టిగా నమ్ముతాను.

చట్టం విషయానికి వస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన మూడు కొత్త నేర చట్టాలను మూలపాఠంలోనే చదవాలి. భారతీయ న్యాయ సంహితలోని 22వ సెక్షన్ మతిస్థిమితం లేని స్థితిలో చేసిన పనిని నేరంగా పరిగణించదు. పాత శిక్షాస్మృతిలో ఇది 84వ సెక్షన్. ఇక్కడ విద్యార్థులు తరచూ పొరబడతారు. వ్యాధి నిర్ధారణ ఉన్నంత మాత్రాన ఆ మినహాయింపు రాదు. ఆ పని చేసిన సమయంలో దాని స్వభావాన్ని గాని, అది తప్పు లేదా చట్టవిరుద్ధం అని గాని తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా అన్నదే కోర్టు చూస్తుంది. నేర విచారణ విధానాన్ని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 176(3) ప్రకారం ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లాలి. భారతీయ సాక్ష్య అధినియంలోని 39వ సెక్షన్ నిపుణుల అభిప్రాయానికి సంబంధించినది. వీటితో పాటు 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవాలి. నార్కో, లై డిటెక్టర్, మెదడు మ్యాపింగ్ పరీక్షలను వ్యక్తి సమ్మతి లేకుండా చేయడం రాజ్యాంగ విరుద్ధమని ఆ తీర్పు చెప్పింది.

అంకెల కోసం 1953 నుంచి వెలువడుతున్న, ఇప్పుడు జాతీయ నేర రికార్డుల బ్యూరో, అంటే ఎన్‌సీఆర్‌బీ, ప్రచురిస్తున్న ‘క్రైమ్ ఇన్ ఇండియా’ నివేదికలు ఉచితంగా దొరుకుతాయి. చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఒకే కేసులో అనేక నేరాలుంటే వాటిలో తీవ్రమైన నేరం కిందే ఆ కేసును లెక్కిస్తారు. పైగా ఆ నివేదికలో కనిపించేవి నమోదైన నేరాలే. ఒక నగరంలో మహిళలపై నేరాల సంఖ్య పెరిగిందంటే నేరాలే పెరిగి ఉండవచ్చు, లేదా ధైర్యంగా స్టేషనుకు వచ్చి ఫిర్యాదు చేసేవారూ, వెంటనే ఎఫ్‌ఐఆర్ రాసే అధికారులూ పెరిగి ఉండవచ్చు. విజయవాడ నగరానికి సంబంధించిన పట్టికలను కొన్ని సంవత్సరాలకు తీసుకుని, లక్ష జనాభాకు రేటును పోల్చి, మార్పుకు సాధ్యమైన కారణాలన్నీ రాయడం రెండో సంవత్సరం విద్యార్థికి మంచి అభ్యాసం.

ఆరో మెట్టు: ఒకే విషయాన్ని రెండు వైపుల నుంచి రాయడం

రెండు శాస్త్రాలు నిజంగా కలిసే చోటు బాలల న్యాయ చట్టం, 2015లోని 15వ సెక్షన్. పదహారేళ్లు నిండిన బాలుడు, కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న ఘోరనేరం చేశాడన్న ఆరోపణ వస్తే, జువెనైల్ జస్టిస్ బోర్డు ప్రాథమిక మదింపు చేయాలి. ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం అతనికి ఉందా, దాని పర్యవసానాలను గ్రహించగల శక్తి ఉందా, ఏ పరిస్థితుల్లో అది జరిగింది అన్నవి చూడాలి. బాలుణ్ని బోర్డు ముందు తొలిసారి హాజరుపరచిన నాటి నుంచి మూడు నెలల్లో ఇది పూర్తి కావాలి. ఇది విచారణ కాదనీ, నేరం చేశాడా లేదా అన్నది ఇక్కడ తేల్చరనీ చట్టమే వివరించింది. అయినా ఆ మదింపును బట్టి అతన్ని పెద్దవాడిగా విచారించే కోర్టుకు పంపాలా వద్దా అన్నది నిర్ణయమవుతుంది కనుక ఒక బాలుడి జీవితం దానిపై ఆధారపడి ఉంటుంది. 2022 జూలైలో సుప్రీంకోర్టు, బోర్డులో బాలల మనస్తత్వశాస్త్రంలో గాని, బాలల మనోవైద్యంలో గాని డిగ్రీ ఉన్న సభ్యులు లేనప్పుడు నిపుణుల సహాయం తీసుకోవడం తప్పనిసరి అని చెప్పింది.

ఈ సెక్షన్‌లోని మొదటి రెండు అంశాలు సైకాలజీవి, మూడోది సగానికి పైగా క్రిమినాలజీది. ఇప్పుడు సాధన ఇలా చేయండి. ప్రచురితమైన ఒక హైకోర్టు లేదా సుప్రీంకోర్టు తీర్పును తీసుకుని నోటుపుస్తకంలో ఎడమ పేజీ సైకాలజీకి, కుడి పేజీ క్రిమినాలజీకి కేటాయించండి. నిపుణుడు ఏ పరీక్షలు వాడాడు, ఆ పరీక్ష మన భాషకూ మన పిల్లలకూ ప్రమాణీకరించినదేనా, బుద్ధిలబ్ధి అంకె ఒక్కటే చూసి పర్యవసానాల గ్రహింపును తేల్చేశారా అన్నవి ఎడమ పేజీలో రాయండి. ఇల్లు, బడి, పని, పెద్దల ప్రోద్బలం, కేసు ఏ దశలో ఎంత ఆలస్యమైంది అన్నవి కుడి పేజీలో రాయండి. చివర రెండు పేజీలూ ఎక్కడ ఏకీభవించడం లేదో ఒక పేరాలో చెప్పండి. పదిహేడేళ్లవాడికి హత్య తప్పని తెలిసి ఉండవచ్చు. అది తెలియడం వేరు, స్నేహితులు పక్కనుండగా ఆవేశంలో ఆగగలగడం వేరు. ఆ రెండింటినీ విడదీసి రాయగలిగిన విద్యార్థి నివేదిక రేపు బోర్డుకు నిజంగా పనికొస్తుంది.

ఏడో మెట్టు: తరగతి గది బయట

కోర్టులు సాధారణంగా అందరికీ తెరిచే ఉంటాయి. విజయవాడ, గుంటూరు కోర్టు సముదాయాల్లో సెషన్స్ విచారణలను కూర్చుని వినవచ్చు. తెలుగులో సాక్షి చెప్పిన మాట రికార్డులోకి ఏ రూపంలో వెళ్తుందో గమనించడమే ఒక పాఠం. అయితే పోక్సో విచారణలు, బాలల బోర్డు విచారణలు బయటివారికి తెరిచి ఉండవు, అక్కడికి ప్రవేశం కోసం పైరవీలు చేయరాదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థల పారా లీగల్ వాలంటీరు శిక్షణకు ప్రకటన వచ్చినప్పుడు అర్హత ఉంటే దరఖాస్తు చేసుకోండి. జైలు, పరిశీలక గృహం (విచారణలో ఉన్న బాలలను ఉంచే చోటు) వంటి చోట్లకు కళాశాల లేఖతో, అధికారుల రాతపూర్వక అనుమతితో, అధ్యాపకుల పర్యవేక్షణలో మాత్రమే వెళ్లాలి.

అక్కడ కలిసిన మనుషుల పేర్లు, ఊళ్లు, ఫొటోలు మీ రికార్డులోకి గాని, ఫోనులోకి గాని రాకూడదు. చట్టంతో సంఘర్షణలో ఉన్న బాలల గుర్తింపును బయటపెట్టడం బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం నేరం. డిగ్రీ విద్యార్థి కౌన్సెలర్ కాడు. ఎవరైనా తమ బాధ చెప్పుకుంటే ఓపికగా విని, అక్కడి బాధ్యులకు తెలియజేయడం వరకే మీ పని. విన్నవి మనసును కలచివేస్తే, నిద్ర పట్టకపోతే, అధ్యాపకులతో వెంటనే మాట్లాడండి. అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 టెలీ మానస్‌కు ఫోను చేయండి. ఈ వృత్తిలో ఎక్కువకాలం నిలబడేవారు అలా అడగడానికి సంకోచించరు.

ఎనిమిదో మెట్టు: పీజీ ఎక్కడ

క్రిమినాలజీకి పేరున్న పాత విభాగాలు ఎక్కువగా మన రాష్ట్రం బయటే ఉన్నాయి. మద్రాసు విశ్వవిద్యాలయం విజయవాడ నుంచి ఒక రాత్రి రైలు ప్రయాణం. తిరునెల్వేలిలోని మనోన్మణియం సుందరనార్ విశ్వవిద్యాలయం, ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం, మధ్యప్రదేశ్‌లోని సాగర్ విశ్వవిద్యాలయం తరువాత చెప్పుకోదగినవి. సామాజిక సేవ కోణం నుంచి నేరన్యాయాన్ని చదవాలంటే ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థను చూడాలి. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ శాస్త్రాల విశ్వవిద్యాలయం 2020 నాటి పార్లమెంటు చట్టంతో జాతీయ హోదా పొందింది. ఢిల్లీలో 1972 నుంచి ఉన్న క్రిమినాలజీ సంస్థ ఇప్పుడు దానిలో భాగమే. ఈ సంస్థల ప్రవేశ పరీక్షలు, గడువులు వేర్వేరు కనుక డిగ్రీ చివరి సంవత్సరం మొదట్లోనే ఒక పట్టిక రాసుకోవాలి.

మనుషులతో ఎదురుగా కూర్చుని మదింపు, చికిత్స చేయాలని ఉంటే పీజీ కూడా సైకాలజీలోనే చేయండి. పోలీసింగ్, జైళ్లు, విధానాలు, బాధితుల హక్కులు, పరిశోధన మీ ఆసక్తి అయితే క్రిమినాలజీకి మారండి. ఏది ఎంచుకోవాలో తేలకపోతే సైకాలజీలోనే కొనసాగి నేరసంబంధమైన అంశంపై డిసర్టేషన్ రాయడం సురక్షితం.

చివరి సంవత్సరం ప్రాజెక్టు

పీజీ ఇంటర్వ్యూల్లో మిమ్మల్ని మీ ప్రాజెక్టు గురించే ఎక్కువగా అడుగుతారు కనుక అంశాన్ని ఆచితూచి ఎంచుకోవాలి. సీరియల్ హంతకుల మనస్తత్వం వంటి అంశాలు డిగ్రీ విద్యార్థి చేతికి అందేవి కావు, సమాచారమంతా పుస్తకాల నుంచి తిరగరాయవలసి వస్తుంది. ఇక్కడే దొరికే మనుషులతో, ఇక్కడే చేయగలిగినవి చాలా ఉన్నాయి. గుంటూరు కళాశాల విద్యార్థినులు రాత్రి బస్సుల్లో, ఆటో స్టాండ్ల దగ్గర నేరభయాన్ని ఎంత అనుభవిస్తున్నారు, ఆ భయానికీ వెలుతురుకూ జనసంచారానికీ సంబంధం ఏమిటి అన్నది ఒకటి. ఆన్‌లైన్ మోసానికి గురైన పెద్దవారు పోలీసులకు ఎందుకు చెప్పలేదు అన్నది మరొకటి. జైలు నుంచి వచ్చినవారికి పని ఇవ్వడానికి చిన్న వ్యాపారులు సుముఖంగా ఉన్నారా అన్నది ఇంకొకటి. ఏది తీసుకున్నా ప్రశ్నావళిని ముందుగా కొద్దిమందికి ఇచ్చి భాష అర్థమవుతోందో లేదో చూసుకుని, సమ్మతి పత్రం తెలుగులో రాసి, విభాగం అనుమతి పొందిన తరువాతే సమాచార సేకరణ మొదలుపెట్టండి. నవంబరులోపు ఈ పనులు పూర్తయితే సంక్రాంతి సెలవుల నాటికి సమాచారం చేతికి వస్తుంది. విశ్లేషణకూ, రాయడానికీ ఫిబ్రవరి, మార్చి నెలలు మిగులుతాయి.